పెద్దన్న ఊసు: యుద్ధకాలపు ఉత్తరాలను చదవటం గురించి

నేను సంపాదకత్వం వహించిన పుస్తకాన్ని నేనే విమర్శించటం కొంత వింతగా కనిపించవచ్చు. అది బజారులో దొరికే పుస్తకం కాదు. 2019లో మా చిన్నతాతకు నూరేళ్ళు నిండే సందర్భంలో మూడువందల ప్రతులు వేసి బంధువులకూ, కొందరు సాహితీమిత్రులకూ పంచిపెట్టాం. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. మిత్రులు మెచ్చుకున్నారు. ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో వాడుకోవటానికి అనుమతి అడిగాడు. ఆ అబ్బాయి అడిగిన తరువాతనే ఈ వ్యాసం రాయక తప్పదనిపించింది. ఆ పుస్తకంలో అబద్ధాలేమీ లేవు. అయినా అది నమ్మదగిన పుస్తకం కాదు.

ఉత్తరాలు దొరికిన వైనం క్లుప్తంగా చెబుతాను. మా ఊరు అప్పట్లో విశాఖ జిల్లాలో ఉండేది, 1950 తరువాత శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. 2009లో పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద రేకు ట్రంకుపెట్టె దొరికింది. అందులో భూమి కాగితాల అడుగున, ఎర్రగుడ్డలో కట్టి, 23 ఉత్తరాలు. మొదటిది 1941 జనవరిది, చివరిది 1945 నవంబరుది. అన్నీ మా తాత పేరున వచ్చినవే. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు రంగం వెళ్ళాడు. మా తాత ఊళ్ళో ఉండి ఎకరా ముప్పాతిక సొంతభూమీ, కొంత కౌలుభూమీ సాగుచేశాడు. చిన్నవాడు 1940లో మద్రాసు సాపర్లలో చేరి, బెంగుళూరులో తర్ఫీదు పొంది, సముద్రం దాటాడు.

రంగమంటే రంగూన్ అని నేటి విద్యార్థులకు చెప్పవలసి రావచ్చు. మా ప్రాంతంలో ఆ మాటకు వివరణ అవసరముండేది కాదు. విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమరెక్కి బర్మాలో ఓడల మీద బస్తాలు మోయటానికీ, వరి మిల్లుల్లో పనికీ పోవటం ఉత్తరాంధ్ర పేదలకు తరాల నుంచీ అలవాటు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో లక్షన్నరకు పైగా తెలుగువాళ్ళున్నారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు వాళ్ళందరినీ కోరంగీలనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, యాజమాన్యాలు బర్మా కూలీలను దించి, సమ్మె ముగియగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఇద్దరు పేదల మధ్య పుట్టిన ఆ చిచ్చులో ఎందరో తెలుగువాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా పెద్దతాత ఆ తరువాత కూడా రంగంలోనే ఉన్నాడు. ఊళ్ళో ఏముందని తిరిగొస్తాడు?

ఇక సంపాదకుడిగా నేను చేసిన పని. 23 ఉత్తరాల్లో 11 మాత్రమే అచ్చువేశాను. మిగతా వాటిలో "సాహిత్య విలువ" లేదనుకున్నాను. వేసిన వాటిలో కూడా పలకరింపులు, క్షేమసమాచారాలు, మనియార్డరు లెక్కలు, ఎవరెవరికి ఏమేమి చెప్పాలో రాసిన వరసలు తీసేశాను. చదివేవాడికి విసుగు పుడుతుందని నా వాదం. ఇసుక తుఫానుల వర్ణన ఉంచాను. మందుపాతరలు ఏరిన రోజు గురించి రాసిన నాలుగు వాక్యాలు ఉంచాను. తెల్ల సోల్జర్లకు వేరే వంట, మనవాళ్ళకు వేరే వంట అని ఒక ఉత్తరంలో ఒకే ఒక మాట ఉంది. దాన్ని పెద్ద అక్షరాలతో పుట మధ్యలో గళ్ళు కట్టి మరీ వేశాను. పుస్తకం పేరులో "వీరుడు" అన్న మాట పెట్టాను.

ఇక్కడ రెండు రకాల కోరికలు పనిచేశాయి. కుటుంబానికి వీరుడు కావాలి. గోడ మీద యూనిఫారంలో ఉన్న ఫోటో, పెట్టెలో ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ పతకాలు, వాటికి తగిన ఉత్తరాలు. అభ్యుదయ విమర్శకుణ్ణయిన నాకు సామ్రాజ్యవాద వ్యతిరేక చైతన్యం కావాలి. మొదటి కోరికను చూసి నవ్వుకున్నాను గానీ రెండోది కూడా ఆ జాతిదేనని గుర్తించలేదు. రెండింటి అవసరమూ ఒకటే. ఉన్న కాగితంలో తనకు కావలసింది వెతికి, మిగిలింది పారెయ్యటం.

పారేసింది ఏమిటో నాకు చూపించింది మా మేనత్త. పుస్తకం వచ్చేనాటికి ఆమెకు ఎనభై మూడేళ్ళు. యుద్ధకాలంలో ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్ల. చదువు రాదు. ఆమె మంచం పక్కన కూర్చుని ఒక పూటంతా పుస్తకం చదివి వినిపించాను. ఓపికగా విన్నది. చివర్న, "మా పెదనాన్న ఊసేదిరా ఇందులో?" అంది. నాకు అర్థం కాలేదు. "మా సిన్నాన్న పెతి కాయితంలోనూ అడిగీవోడు కదరా! దాని కోసరమే కదా అందరం అరుగు మీద కూకునీవోళ్ళం!"

ఇంటికి వచ్చి 23 ఉత్తరాలూ మళ్ళీ తీశాను.

1941 నాటి మొదటి అయిదు ఉత్తరాల్లో పెద్దన్న ప్రస్తావన మామూలుగానే ఉంది. రంగం నుంచి డబ్బు వచ్చిందా, వాన పడిందా, ఎద్దుకు కాలు నయమైందా. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. ఆరో ఉత్తరం నుంచి ప్రశ్న మొదలవుతుంది. పెద్దన్న ఊరు చేరాడా? ఏడులో అదే, ఎనిమిదిలో అదే. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డ సంగతి విని రాసిన ఉత్తరంలో, మీరంతా ఊళ్ళోనే ఉన్నారా అని ముందడిగి, వెంటనే మళ్ళీ ఆ ప్రశ్నే. ఆరు నుంచి పదిహేడు దాకా పన్నెండు ఉత్తరాల్లో ఒక్కటైనా తప్పలేదు. ఈ పన్నెండింటిలో నాలుగు నా పుస్తకంలో ఉన్నాయి. నాలుగింటిలోనూ ఆ ప్రశ్నను "పునరుక్తి" కింద కొట్టేశాను.

పద్దెనిమిదో ఉత్తరం 1944 మే నెలది. అందులో ప్రశ్న లేదు. ఆ తరువాతి అయిదింటిలోనూ లేదు.

పన్నెండుసార్లు వచ్చిన ప్రశ్నను తీసేసినవాడికి, పదమూడోసారి అది రాకపోవటం ఎలా కనబడుతుంది? నా పుస్తకం చదివిన వారెవరికీ మా చిన్నతాతకు ఒక పెద్దన్న ఉన్నట్టు కూడా తెలియదు.

ఇది సంపాదకుడి పొరపాటు మాత్రమే అయితే మరో కూర్పుతో సరిపోయేది, వ్యాసం రాయనవసరం లేదు. ఉత్తరాన్ని చదివే పద్ధతికి సంబంధించిన చిక్కు ఇందులో ఉంది. మన విమర్శ కథను చదవటం నేర్పింది, కవితను చదవటం నేర్పింది. ఉత్తరాన్ని మాత్రం మహనీయులు రాస్తేనే చదువుతాం. అప్పుడు కూడా అందులో అభిప్రాయాలను వెతుకుతాం. అభిప్రాయాలు చెప్పే తీరిక, అలవాటు, స్వేచ్ఛ మూడూ లేనివాడి ఉత్తరాన్ని ఎలా చదవాలి? అతడు చెప్పదలచుకున్నది వాక్యంలో ఉండదు. ఏది ఎన్నిసార్లు అడిగాడు, ఎప్పుడు మానేశాడు, డబ్బు ఎవరికి ఎంత పంపమన్నాడు అన్నచోట ఉంటుంది.

స్వేచ్ఛ లేదన్నది అలంకారంగా అనటం లేదు. ప్రతి కవరు మీదా సెన్సారు ముద్ర ఉంది. ఊరి పేరు ఎక్కడా లేదు, ఫీల్డు పోస్టాఫీసు నెంబరు మాత్రమే. రెండు ఉత్తరాల్లో కొన్ని మాటలను బ్లేడుతో కోసి తీసేశారు. ఇది కొత్త కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో 1914లో ఫ్రాన్సుకు పంపిన భారత సైనికుల ఉత్తరాలను చదవటానికి బ్రిటిష్ ప్రభుత్వం ప్రత్యేకంగా సెన్సారు కార్యాలయం పెట్టింది. సైనికులు దాన్ని పసిగట్టి, మనవాళ్ళను నల్లమిరియాలనీ, తెల్లవాళ్ళను ఎర్రమిరపకాయలనీ మారుమాటల్లో రాసుకున్నారు. ఆనాటి ఉత్తరాల్లో చాలావాటికి మూలాలు పోయాయి. సెన్సారు అధికారులు ఏరి, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, నివేదికలకు జతపరచిన భాగాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మిగిలాయి. డేవిడ్ ఒమిస్సీ అనే చరిత్రకారుడు వాటి నుంచి ఒక సంకలనం 1999లో ప్రచురించాడు. విలువైన పని. అయితే ఆ ఏరిక మొదట చేసింది ప్రభుత్వం. సిపాయి అసంతృప్తిగా ఉన్నాడా, విధేయంగా ఉన్నాడా అన్నదే దాని ఆసక్తి. ఎద్దు కాలు గురించిన వాక్యం దానికెందుకు? రెండో యుద్ధంలో మధ్యప్రాచ్యం నుంచి వెళ్ళిన ఉత్తరాల మీద కూడా అలాంటి నివేదికలే తయారైనాయి. సెన్సారు వదిలేసిన భాగమేదైనా మిగిలి ఉంటే అది ఇళ్ళల్లో, అటకల మీద మాత్రమే ఉంది. అటువంటి భాగం 23 కాగితాలు చేతికి వస్తే, నేను దాన్ని మళ్ళీ సెన్సారు కళ్ళతోనే చదివాను. వాళ్ళు విధేయతను లెక్కగట్టారు, నేను ధిక్కారాన్ని.

దీనికి భిన్నంగా ఒక వృద్ధురాలు చేసిన పని చెప్పుకోవాలి. కల్యాణ్ ముఖర్జీ అనే బెంగాలీ వైద్యుడు మొదటి యుద్ధంలో మెసపొటేమియా వెళ్ళి, కూట్ ముట్టడిలో చిక్కి, 1916లో తురుష్కులకు బందీ అయి, 1917లో బందీగానే చనిపోయాడు. అతని అవ్వ మోక్షదాదేవి ఎనభయ్యో పడిలో ఆ ఉత్తరాలను చేర్చి, మనవడి జీవితాన్ని "కల్యాణ్ ప్రదీప్" పేరుతో 1928లో ప్రచురించింది. అతడు ఇంగ్లీషు చదువుల మధ్యతరగతి వాడు, అభిప్రాయాలు రాయగలవాడు. ఆమె కూడా కవయిత్రి. మా ఇంటితో పోలిక లేదు. అయినా ఇంటివాళ్ళు ఉత్తరాన్ని పట్టుకునే తీరు ఆ పుస్తకంలో ఉంది. ఆమె చరిత్రకారిణిలా పక్కకు తప్పుకోలేదు, ఉత్తరాలను తన దుఃఖంతో పాటే అచ్చువేసింది.

భాష సంగతి వేరే చెప్పాలి. నా పుస్తకంలో అన్నిటికంటే సిగ్గుపడవలసిన భాగం అదే.

మొదటి తొమ్మిది ఉత్తరాలు చిన్నతాత చేతిరాత కాదు. అక్షరాలు గుండ్రంగా, అచ్చు పోసినట్టు ఉంటాయి. ఆయన దళంలో చదువుకున్న తెలుగువాడెవరో రాసిపెట్టి ఉంటాడు. "మహారాజశ్రీ అన్నయ్యగారికి తమ్ముడు అనేక నమస్కారములు చేసి వ్రాయు విన్నపములు. ఉభయ కుశలోపరి" అంటూ మొదలవుతాయి. పెద్దన్న ప్రశ్న కూడా ఆ భాషలోనే: రంగములో నున్న పెద్దన్నయ్యగారి క్షేమ సమాచారములు తెలియపరచవలెను. పదో ఉత్తరం నుంచి, అంటే 1943 ఫిబ్రవరి నుంచి, చేతిరాత మారుతుంది. కాపీయింగు పెన్సిలుతో, ఒత్తి ఒత్తి రాసిన వంకర అక్షరాలు. తడి తగిలినచోట ఊదారంగు పాకింది. ఊళ్ళో మూడో తరగతితో ఆపేసిన చదువును ఆయన ఎడారిలో కూడదీసుకున్నాడు. మహారాజశ్రీలు పోయాయి. "అన్నకి దండాలు. నాను బాగున్నాను. అమ్మకి సెప్పు. పెద్దన్న ఊసేటి?"

దాన్ని నేనేం చేశాను? ప్రశ్నను తీసేశానని చెప్పాను. మిగతా వాక్యాలను "నేను బాగున్నాను, అమ్మకు చెప్పు" అని దిద్దాను. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో పుట్టి, వ్యావహారికం కోసం వేదికలెక్కి మాట్లాడినవాణ్ణి, ఒక రైతు తన చేత్తో రాసుకున్న భాషను శిష్టవ్యవహారంలోకి సవరించాను. తప్పులు ఉంటే ఆయనను తక్కువగా చూస్తారని అప్పట్లో నాకు నేను చెప్పుకున్న కారణం. ఇంకొకడి పరువు కాపాడే పేరుతో అతడి నోరు మూయించటం మనకు బాగా అలవాటైన పని.

నిజానికి ఆ చేతిరాత మారిన చోటే ఈ ఉత్తరాలలోని పెద్ద సంఘటన. ఎందుకు అంత కష్టపడి అక్షరాలు కూడదీసుకున్నాడు? రాసిపెట్టేవాడు బదిలీ అయి ఉండవచ్చు, చనిపోయి ఉండవచ్చు. లేక ఏడాది పాటు ఒకే ప్రశ్నను పరాయివాడి చేత రాయించటం ఇష్టం లేకపోయిందేమో. ఏది నిజమో ఉత్తరం చెప్పదు. కానీ తన చేత్తో రాసిన మొట్టమొదటి ఉత్తరం ఆరు పంక్తులైతే, అందులో ఒకటి ఆ ప్రశ్న.

ఊళ్ళో ఆ ప్రశ్నను ఎలా విన్నారో మేనత్త చెప్పింది. ఉత్తరం వస్తే బడి పంతులు అరుగు మీద కూర్చుని చదివేవాడు. మా ముత్తవ్వ గడప లోపల నిలబడేది. పెద్దతాత భార్య ఆమె వెనక. పంతులు ఆ పంక్తి దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. ఎందుకంటే 1942 వర్షాకాలంలోనే, రంగం నుంచి నడిచి వచ్చిన పక్కఊరి మనిషి ఒకడు మా తాతకు కబురు చెప్పిపోయాడు. పెద్దతాతను దారిలో వదిలేసి వచ్చామన్నాడు. జ్వరం. మోయటానికి ఎవరికీ ఓపిక లేదు.

ఆ దారుల గురించి చరిత్ర పుస్తకాల్లో ఉంది. ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి ఒక దారి, చిండ్విన్ నది దాటి తము మీదుగా మణిపురానికి మరొకటి. అయిదు లక్షల మంది దాకా నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. ఓడల్లో, విమానాల్లో చోటు ముందు తెల్లవాళ్ళకు. అడవి దారుల్లో కూడా తెల్లవాళ్ళకు ఒకటి, నల్లవాళ్ళకు ఒకటి. దారిలో ఎంతమంది పోయారో ఎవరూ కచ్చితంగా లెక్కపెట్టలేదు. యుద్ధంలో చనిపోయిన సిపాయి పేరు ఏదో ఒక స్మారకం మీద చెక్కి ఉంటుంది. పారిపోతూ చనిపోయిన కూలీ పేరు చెక్కేదెవరు?

ఆ కబురు మా తాతకూ, పంతులుకూ మాత్రమే తెలుసు. ముత్తవ్వకు చెప్పలేదు, పెద్దతాత భార్యకు చెప్పలేదు, ఎడారిలో ఉన్న తమ్ముడికి రాయలేదు. "ఇంకా రాలేదు, వస్తాడు" అని పంతులు చేత జవాబు రాయించేవాడు తాత. అటుపక్క నుంచి మళ్ళీ అదే ప్రశ్న. అబద్ధం చెప్పిన మనిషికి నెలనెలా దాని రసీదు వచ్చినట్టు. మా తాత రాయించిన జవాబుల్లో ఒక్కటి కూడా మిగలలేదు. యుద్ధరంగంలో ఉన్నవాడు ఉత్తరాలు మోసుకు తిరగలేడు.

పద్దెనిమిదో ఉత్తరంలో ప్రశ్న లేదన్నాను. నేను మొదట "అప్రధానం" అని కొట్టేసిన మనియార్డరు లెక్క ఒకటి దాని అడుగున ఉంది. అంతకుముందు ఎప్పుడూ "పదిహేను రూపాయిలు అంపినాను" అని ఒకటే మాట. ఈ ఉత్తరంలో, "పదిహేను అంపినాను. పెద్దొదినకి యేరేగ అయిదు అంపినాను. ఆవె సేతికియ్యి." తరువాతి అయిదు ఉత్తరాల్లోనూ ఆ అయిదు రూపాయలున్నాయి.

ఆయనకు తెలిసింది. ఎవరు చెప్పారో తెలియదు. ఇటలీలో కొత్తగా వచ్చి చేరిన మన జిల్లా మనిషెవరైనా చెప్పి ఉండవచ్చు. తెలిసిందని రాయలేదు. అన్న దాచిపెట్టాడని తెలిసినా నిలదీయలేదు. రాస్తే పంతులు అరుగు మీద చదువుతాడు, గడప లోపల అమ్మ వింటుంది. అంచేత ప్రశ్న ఆపేసి, డబ్బు పంపాడు. దీన్ని నేను శిల్పమనను. అలా అనటం మళ్ళీ మరో రకంగా కత్తెర పట్టటమే. ఒక కుటుంబం, సెన్సారు అధికారి, ఊరి జనం, ఇంతమంది వినే చోట ఒక మనిషి చెప్పగలిగిన పద్ధతి అది.

తెలుగు సాహిత్యంలో ఈ మనుషులెక్కడ? 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిన రోజుల్లోనే మా చిన్నతాత తన చేత్తో మొదటి ఉత్తరం రాశాడు. ఆ కాలంలో మన కవులు ఫాసిజాన్ని ఎదిరించమని రాశారు, సోవియట్ ప్రజల పోరాటాన్ని కీర్తించారు. అది రాయవలసిందే. కానీ 1939లో రెండు లక్షల దాకా ఉన్న భారత సైన్యం యుద్ధం ముగిసేసరికి ఇరవై అయిదు లక్షలైంది. తెలుగువాళ్ళు "యుద్ధజాతి" కారని అంతకుముందు దూరం పెట్టిన సర్కారు, అవసరం రాగానే తలుపులు తెరిచింది. వెళ్ళినవాళ్ళను జీతపు సిపాయిలుగానే చూశాం. జాతీయవాదికి వాళ్ళు తెల్లవాడి నౌకర్లు, మనకు చైతన్యం లేనివాళ్ళు. హిందీలో గులేరీ 1915లోనే సిపాయి మీద కథ రాశాడు. ముల్క్‌రాజ్ ఆనంద్ ఇంగ్లీషులో నవల రాశాడు. నేను చదివినంతలో తెలుగులో సిపాయి ఇంటికి తిరిగొచ్చాక కనిపిస్తాడు గానీ, ఎడారిలో కూర్చుని ఉత్తరం రాస్తూ కనిపించడు. రంగం కూలీ వెళ్ళేటప్పుడు కనిపిస్తాడు, తిరిగొచ్చే దారిలో కనిపించడు.

విద్యార్థుల కోసం రెండు మాటలు. ఇటువంటి కాగితాలు దొరికితే లామినేషన్ చేయించకండి. నేను రెండు ఉత్తరాలను అలా పాడుచేశాను. ప్లాస్టిక్ నుంచి కాగితం మళ్ళీ విడిపడదు. సెల్లో టేపు అసలు వద్దు. కవరును ఉత్తరం నుంచి విడదీసి పారెయ్యకండి, తేదీ దాని మీదే ఉంటుంది. దిద్దకుండా, పంక్తికి పంక్తి నకలు రాసుకోండి. ఇంట్లో ముసలివాళ్ళెవరైనా ఉంటే కాగితం కంటే ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. కథల కోసం శ్రీకాకుళంలో 1997లో కారా మాస్టారు కథానిలయం పెట్టారు గనక తెలుగు కథ ఎక్కడ వెతకాలో మనకు తెలుసు. తెలుగువాడి ఉత్తరానికి అటువంటి చోటు లేదు.

రెండో కూర్పు తయారు చేస్తున్నాను. 23 ఉత్తరాలూ, ఆయన రాసిన భాషలోనే, రూపాయలతో సహా. "వీరుడు" అన్న మాట తీసేశాను. పద్దెనిమిదో ఉత్తరం ఎదుటి పుటలో మేనత్త చెప్పిన సంగతి వేయాలని నా ఉద్దేశం. దానికి ఇంట్లో అభ్యంతరం ఉంది. పెద్దతాత భార్య 1946లో చిన్నతాత తిరిగి వచ్చేదాకా బొట్టు తీయలేదు. ఆయన వచ్చాకనే ఇంట్లో మాట బయటపడింది. నాలుగేళ్ళు మొగుడు లేడని తెలియకుండా బతికించారని అచ్చులో వేస్తే మా తాత పేరు ఏమవుతుందని మా అన్నదమ్ములు అడుగుతున్నారు. ఆయన చేసింది దయో ద్రోహమో నేను తేల్చలేను. తేల్చే హక్కు కూడా నాకంటే ముందు ఇంకొకరికి ఉంది. పెద్దతాత కూతురి కూతురు విశాఖలో ఉంటుంది. రాతప్రతి ఆమెకు పంపి, ఆ పుట ఉండాలో వద్దో చెప్పమన్నాను. ఇంకా ఏమీ చెప్పలేదు. అయిదు రూపాయల పంక్తి ఉన్న కాగితాన్ని ఫోటో తీసి పంపమని మాత్రం అడిగింది. పంపాను.